రాత్రిపూట టీవీ ఆగి ఆగి నడుస్తోంది: ఓపెన్‌వర్టా, డీడీ-వర్టా, ఫ్రెష్‌టమాటానా?

మిర్యాలగూడ_మిల్లు
ఫైబర్ లైన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. నెట్ కంపెనోళ్ల ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి దిగే డబ్బా) కింద హాల్ల ఉంది, దానికి నా టీపీ-లింక్ ఆర్చర్ సీ6 తగిలిచ్చిన. టీవీ పై అంతస్తుల. పగలు ఫోర్‌కే కూడ సాఫుగ నడుస్తది. రాత్రి ఎనిమిది దాటిందంటే గుండ్రం తిరుగుడే. అదే టైంల ఫోన్ల స్పీడ్ టెస్ట్ కొడితే 80, 90 చూపిస్తది. రౌటర్ బంద్ చేసి మళ్ల ఆన్ చేస్తే జరసేపు మంచిగుంటది. రౌటర్ కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి వేరేది ఎక్కియ్యాలని చూస్తున్న. ఓపెన్‌వర్ట్, డీడీ-వర్ట్, ఫ్రెష్‌టమాటా అని మూడు పేర్లు వినవడుతున్నయ్. టీవీ ఆగకుండ నడవాలె, వేరే ఫీచర్లు నాకొద్దు. ఏది ఎక్కియ్యాలె?

టమాటా_తొక్కు
టమాటా. ఇంకో ముచ్చటే లేదు. ఏ ఫోన్ ఎంత తాగుతున్నదో గ్రాఫ్‌ల కండ్ల ముందట కనవడతది, క్యూఓఎస్ (నెట్ ఎవలికి ముందు ఇయ్యాలె అనే సెట్టింగ్) పేజీ చిన్నపిల్లలకు కూడ సమజైతది.

పిల్లలమర్రి_పింగ్
@టమాటా_తొక్కు ఆర్చర్ సీ6ల టమాటా ఎట్ల ఎక్కిస్తవే? ఫ్రెష్‌టమాటా బ్రాడ్‌కామ్ చిప్‌ల మీదనే నడుస్తది. సీ6 వర్షన్ 2ల క్వాల్‌కామ్, వర్షన్ 3ల మీడియాటెక్. బ్రాడ్‌కామ్ ఏడుంది?

టమాటా_తొక్కు
అట్లయితే రౌటర్ మార్చుమను 😄

దేవరకొండ_డీబీఎం
ఫర్మ్‌వేర్ పేరు తర్వాత, ముందు చిప్ చూడాలె. లెక్క ఇది.

బ్రాడ్‌కామ్ ఉంటే (నెట్‌గేర్ ఆర్7000, ఆసుస్ ఆర్‌టీ-ఏసీ68యూ లాంటివి) ఓపెన్‌వర్ట్ జోలికి పోవద్దు. బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్ ఓపెన్ సోర్స్ కాదు. ఓపెన్‌వర్ట్ ఎక్కుతది గాని 5 గిగాహెర్ట్జ్ రేడియో అసలు లేవకపోవచ్చు, లేస్తే కుంటుకుంట నడుస్తది. వాటికి ఫ్రెష్‌టమాటా, డీడీ-వర్ట్, ఆసుస్ అయితే మెర్లిన్ (ఆసుస్ ఫర్మ్‌వేర్‌నే సవరించి చేసింది).

మీడియాటెక్ ఉంటే ఓపెన్‌వర్టే. దాని వైఫై డ్రైవర్ ఎంటీ76 బహిరంగంగ తయారైతది, ఏమన్న తప్పుంటే దొరుకుతది, సవరిస్తరు.

క్వాల్‌కామ్ పాత ఏసీ మాడళ్లకు (ఆర్చర్ సీ7 లాంటివి) ఓపెన్‌వర్ట్, డీడీ రెండూ నడుస్తయ్. నేనైతే ఓపెన్‌వర్టే ఎక్కిస్త. ఏ సామాను గాలిని ఎంతసేపు వాడుకోవాలె అనే పంపకం ఆ డ్రైవర్లల బాగుంది. మూలల కూసున్న పాత ఫోన్ ఒక్కటి నెమ్మదిగ గుంజుతుంటే టీవీ వాటా పోకుండ ఆపుతది.

@మిర్యాలగూడ_మిల్లు రౌటర్ తిరగేసి స్టిక్కర్ మీద వర్షన్ నంబర్ చూసి చెప్పు. ఒకటే పేరు, ఒకటే డబ్బా, లోపల మొత్తం వేరే సామాను ఉంటది.

మిర్యాలగూడ_మిల్లు
వర్షన్ 3 సిరీసే.

దేవరకొండ_డీబీఎం
మంచిదే. ఎంటీ7621 ప్రాసెసర్, 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. ఓపెన్‌వర్ట్ ఆరాంగ పడతది.

నల్గొండ_నాట్
అందరూ అప్పుడే ఫ్లాష్ చేయించేస్తున్నారు. జబ్బు ఏమిటో తేలకుండా మందు ఎందుకు? స్పీడ్ టెస్టులో 90 వస్తూ టీవీ ఆగుతోందంటే వేగం తక్కువై కాదు. నెట్‌ఫ్లిక్స్ ఫోర్‌కేకి అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే. తేడా మరెక్కడో ఉంది.

టీవీ ఉన్న చోటే ల్యాప్‌టాప్ పెట్టి వైఫైకి కలపండి. రెండు కిటికీలు తెరిచి ఒకదాంట్లో రౌటర్‌కు (192.168.0.1), రెండోదాంట్లో 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ (జవాబు ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చూసే పరీక్ష) పెట్టండి. అది నడుస్తుండగానే ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌లోకి ఎక్కించండి.

రౌటర్ పింగ్ 2 నుంచి 10 మిల్లీసెకన్లలో నిలకడగా ఉండి, బయటి పింగ్ మాత్రం 300, 400కి ఎగిరితే గాలి బాగానే ఉంది, లైన్ దగ్గర క్యూ పేరుకుపోతోంది. బఫర్‌బ్లోట్ అంటారు.

రౌటర్ పింగే ఎగిరెగిరి పడితే అది వైఫై జబ్బు. ఏ ఫర్మ్‌వేర్ వేసినా సగమే తగ్గుతుంది.

రెండూ నిలకడగా ఉన్నా టీవీ తిరుగుతోందంటే టీవీనో, యాపో, అవతలి సర్వరో. రౌటర్‌ను వదిలేయండి.

కోదాడ_కేబుల్
డబుల్ నాట్ కదా, ఇంటి చిరునామాలను బయటి చిరునామాగ మార్చే పని (నాట్) ఓఎన్‌టీ ఒకసారి, సీ6 ఇంకోసారి చేస్తున్నయ్. దాని వల్లనే బఫరింగ్. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్ (రౌటర్ పని మానేసి లైన్‌ను నేరుగ సీ6కు ఇచ్చుడు) చేయించుకుంటే అయిపోతది.

నల్గొండ_నాట్
@కోదాడ_కేబుల్ డబుల్ నాట్ వల్ల ఇబ్బంది పడేవి గేములు, బయటి నుంచి కెమెరా చూడడం, పోర్ట్ తెరవడం. లోపలి నుంచి బయటికి వెళ్లి తెచ్చుకునే వీడియోకు దానితో ఏ నష్టమూ లేదు. బ్రిడ్జ్ మంచిదే, కానీ ఈ జబ్బుకు మందు అది కాదు. ఇంకోటి, బ్రిడ్జ్ చేస్తే కొన్నిచోట్ల ఓఎన్‌టీకి తగిలించిన ల్యాండ్‌లైన్ ఫోన్ మూగబోతుంది. అడిగి చేయించుకోవాలి. పీపీపీఓఈ (నెట్ కంపెనీ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ (లైన్‌లో నెట్ నడిచే దారి నంబర్) ముందే రాసి పెట్టుకోవాలి. వీలాన్ తప్పయితే లైట్లన్నీ పచ్చగా ఉంటాయి, నెట్ రాదు.

కోదాడ_కేబుల్
సరే ఒప్పుకున్న. గాని బ్రిడ్జ్ చేస్తే ఓఎన్‌టీ వైఫై బంద్ అయితది కదా, గాలిల ఒక గోల తగ్గుతది.

నల్గొండ_నాట్
దానికి బ్రిడ్జ్ అక్కర్లేదు. ఓఎన్‌టీ సెట్టింగుల్లో వైఫై ఒక్కటీ ఆపేస్తే చాలు. అది మాత్రం తప్పకుండా చేయాల్సిందే.

మిర్యాలగూడ_మిల్లు
చూసిన. రౌటర్ పింగ్ మామూలుగ 5, 6 ఉంటది, నడుమ నడుమ 100, 150 కొడుతది. ఫోన్ల వీడియో ఎక్కుతున్నంతసేపు బయటి పింగ్ 400 పైనే. వీడియో ఎక్కుడు ఆగంగనే దిగింది. సిగ్నల్ టీవీ కాడ మైనస్ 73 డీబీఎం (సున్నాకు ఎంత దగ్గరుంటే అంత బలం). రాత్రిపూట అందరి ఫోన్లు ఫోటోలు బ్యాకప్ కొడతయ్, నాలుగు కెమెరాలు కూడ క్లౌడ్‌కు పంపుతయ్.

దేవరకొండ_డీబీఎం
రెండు జబ్బులూ ఉన్నయ్. పెద్దది అప్‌లోడ్ క్యూ. టీవీ వీడియో తెచ్చుకోవాలన్నా చిన్న చిన్న అడుగుడు ప్యాకెట్లు పైకి పోవాలె. అవి ఫోటోల వెనక లైన్ల నిలబడి పోతున్నయ్. దీనికి మందు ఎస్‌క్యూఎమ్ (క్యూ పేరుకోకుండ చూసే ఓపెన్‌వర్ట్ ప్యాకేజీ), దాంట్ల కేక్ అనే పద్ధతి. కంపెనీ ఫర్మ్‌వేర్ల క్యూఓఎస్ అని ఉంటది గాని అది ఎవలికి ముందు, ఎవలికి వెనక అని జాబితా పెట్టుడే, క్యూ పొడుగు తగ్గియ్యది.

రెండోది మైనస్ 73. స్లాబ్ దాటి 5 గిగాహెర్ట్జ్ అంతకన్న ఎక్కువ పోదు. మైనస్ 65 కన్న మంచిగుంటే టీవీకి ఢోకా లేదు, 75 దాటితే రోజూ లొల్లే. దీనికి ఫర్మ్‌వేర్ ఏం చెయ్యలేదు.

వనపర్తి_వైరు
నేను చెప్పేదే అది. పైకి ఒక్క వైరు గుంజు, టీవీకి డైరెక్ట్ పెట్టు, ఖతం. ఫర్మ్‌వేర్ లేదు గిర్మ్‌వేర్ లేదు.

టమాటా_తొక్కు
ఈన ఏ చర్చకు వచ్చినా వైరే గుంజుమంటడు.

వనపర్తి_వైరు
పేరు చూసి కూడ సమజ్ కాలేదా మరి.
క్యాట్6 తీసుకో, ప్యూర్ కాపర్ అని అడిగి. సీసీఏ అని అమ్మేది అల్యూమినియం తీగకు రాగి పూత, రెండు ఎండాకాలాలకు మొన కాడ విరుగుతది. బయట గోడ మీద పోతే నల్ల తొడుగున్న అవుట్‌డోర్ కేబులే. తెల్లది మన ఎండకు పెలుసు బారి పగులుతది. కరెంట్ వైర్లు పోయిన పైపులనే గుంజొద్దు. ఇంకోటి, చానా టీవీలకు ల్యాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్ దే. ఓటీటీకి అది చాలు.

సూర్యాపేట_సిగ్నల్
100 పోర్ట్ ఓటీటీకి చాలు గాని ఇంట్ల హార్డ్ డిస్క్ నుంచి బ్లూరే సైజు ఫోర్‌కే ఫైళ్లు నడిపితే చాలదు. సీన్ బరువుగున్న కాడ 100 దాటి కొడుతది, అక్కడే ఆగుతది. అసువంటి వాళ్లకు మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైయే వైరు కన్న మేలు, వినడానికి ఉల్టా ఉంటది గాని.

వనపర్తి_వైరు
టీవీ ఒప్పుకుంటే యూఎస్‌బీ గిగాబిట్ అడాప్టర్ పెట్టుకోవాలె. వైరును అనకు.

పిల్లలమర్రి_పింగ్
@మిర్యాలగూడ_మిల్లు ఎక్కిచ్చే పద్ధతి చెప్తున్న. తొందర పడకు.

ఇన్వర్టర్ మీద లేకుంటే కరెంట్ కోత ఉన్న రోజు ముట్టుకోకు. ఫ్లాష్ రాసేటప్పుడు కరెంట్ పోతే రౌటర్ ఇటుకే, ఇంక పని చెయ్యది.

ఓపెన్‌వర్ట్ సైట్ల ఫర్మ్‌వేర్ సెలెక్టర్ ఉంటది, దాంట్ల నీ మాడల్, వర్షన్ కొట్టు. రెండు ఫైళ్లుంటయ్. కంపెనీ ఫర్మ్‌వేర్ మీది నుంచి పోయేటప్పుడు ఫ్యాక్టరీ అనేది. తర్వాత ఓపెన్‌వర్ట్ మీద ఓపెన్‌వర్ట్ ఎక్కిచ్చేటప్పుడు సిస్‌అప్‌గ్రేడ్ అనేది. తారుమారు చెయ్యకు. దించినంక చెక్‌సమ్ (ఫైల్ పాడు కాలేదని చూపే అంకె) సైట్ల దానితోని కలిసిందా చూడు. కంపెనీ ఫర్మ్‌వేర్ ఫైల్ కూడ ఒకటి దించి పక్కన పెట్టు, వెనక్కి పోవాలంటే కావాలె.

వైఫై మీది నుంచి ఎక్కియ్యకు. ల్యాన్ వైరు పెట్టి కంపెనీ పేజీల అప్‌గ్రేడ్ కాడ ఫ్యాక్టరీ ఫైల్ ఇయ్యి. ఫైల్ తప్పు అని తిప్పి కొడితే నీ డబ్బా ప్రాంతం కోడ్ ఆ ఫైల్ జాబితాల లేదన్నట్టు. పేరు మార్చి బలవంతంగ తొయ్యొద్దు.

ఎక్కినంక చిరునామా 192.168.1.1, యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. మొదలు పాస్‌వర్డ్ పెట్టు. వైఫై కనవడదు, భయపడకు. ఓపెన్‌వర్ట్ల రేడియోలు మొదట బందే ఉంటయ్, నువ్వే ఆన్ చెయ్యాలె.

నల్గొండ_నాట్
ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కంపెనీ ఓఎన్‌టీ చాలావాటికి చిరునామా 192.168.1.1. ఓపెన్‌వర్ట్ ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) చిరునామా కూడా అదే. రెండు వైపులా ఒకే నెట్‌వర్క్ అయ్యేసరికి ప్యాకెట్ ఎటు పోవాలో తెలియక నెట్ రాదు. కొత్త ఫర్మ్‌వేర్ చెడిపోయిందని వెనక్కి పోతారు. ఫ్లాష్ అవగానే, ఓఎన్‌టీ వైరు పెట్టకముందే ల్యాన్ చిరునామాను 192.168.10.1కి మార్చేయండి.

కోదాడ_కేబుల్
ఇది నిజంగ పనికొచ్చే ముచ్చట. పోయినసారి ఇదే గ్రూపుల ఎవరో రౌటర్ అమ్మకానికి కూడ పెట్టిండు దీని వల్ల.

దేవరకొండ_డీబీఎం
తర్వాత ఎస్‌క్యూఎమ్. సిస్టమ్‌ల సాఫ్ట్‌వేర్ పేజీకి పోయి లిస్ట్ అప్‌డేట్ కొట్టి లూసీ-యాప్-ఎస్‌క్యూఎమ్ ఎక్కించు. ఇంటర్‌ఫేస్ కాడ వ్యాన్ (బయటి లైన్ వచ్చే పోర్ట్) ఎంచుకో (పీపీపీఓఈ రౌటరే చేస్తుంటే పీపీపీఓఈ-వ్యాన్). వేగం కిలోబిట్లల రాయాలె. లైన్ నిజంగ 95 ఇస్తుంటే డౌన్‌లోడ్ 85000, అప్‌లోడ్ కూడ నీకు వచ్చేదాంట్ల 90 శాతం. క్యూ కేక్, స్క్రిప్ట్ పీస్ ఆఫ్ కేక్. లింక్ లేయర్ ఈథర్నెట్, ఓవర్‌హెడ్ తెల్వకుంటే 44.

ఫైర్‌వాల్ పేజీల ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్ ఉంటే తీసెయ్యి. అది ఉంటే ప్యాకెట్లు దొడ్డిదారిన పోతయ్, ఎస్‌క్యూఎమ్ చేతికి అందవు. ప్యాకెట్ స్టీరింగ్ మాత్రం ఆన్ చెయ్యి, ఎంటీ7621ల రెండు కోర్లకు పని పంచుతది.

నల్గొండ_నాట్
85000 అని ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు. రాత్రి 9కి వైరు మీద కొలిచి ఆ అంకెలో తగ్గించాలి. వీధి మొత్తానికి ఇచ్చిన లైన్ రాత్రి 60కి పడిపోతే, మీరు పెట్టిన 85 పరిమితి ఎప్పుడూ అడ్డుపడదు. క్యూ మళ్లీ నెట్ కంపెనీ వాళ్ల పెట్టెలోనే పేరుకుంటుంది.

దేవరకొండ_డీబీఎం
మరీ తగ్గిస్తే పగలంతా సగం లైన్ పోగొట్టుకున్నట్టు కదా. కేక్-ఆటోరేట్ అని స్క్రిప్ట్ ఉంది, పింగ్ చూసుకుంట వేగం అదే ఎక్కిస్తది దించుతది.

నల్గొండ_నాట్
అది మొబైల్ నెట్ లాంటి ఊగే లైన్లకు. ఫైబర్ మీద రాత్రి అంకె పెట్టుకుని హాయిగా ఉండడం నయం. పగలు 95 బదులు 60 వస్తే టీవీకి తెలియను కూడా తెలియదు.

పాలమూరు_పోరడు
నా లైన్ 300. ఇదే సీ6 మీద ఎస్‌క్యూఎమ్ పెట్టొచ్చునా?

దేవరకొండ_డీబీఎం
పెట్టకు. ఎంటీ7621 మీద కేక్ సుమారు 200 కాడికొచ్చి ఆగుతది, ప్రాసెసర్‌కు ఊపిరి ఆడది. 300, 500 లైన్లకు ఎంటీ7981 ఉన్న వైఫై 6 రౌటర్ చూడు. కొనే ముందే ఓపెన్‌వర్ట్ హార్డ్‌వేర్ పట్టికల నీ వర్షన్ ఉందా చూసి కొను. కొన్న తర్వాత చూసేటోళ్లే ఎక్కువ. కూడీ డబ్ల్యూఆర్3000 లాంటి వాటికి ఆ కంపెనీయే నడుమ ఎక్కిచ్చే ఫైల్ ఇస్తది, తిప్పలు తక్కువ.

ఆసుస్_అచ్చంపేట
బ్రాడ్‌కామ్ వాళ్లను మరిచిపోయిన్రు అందరు. ఏసీ68యూ ఉంటే మెర్లిన్ ఎక్కించి వదిలెయ్. పేజీలు ఆసుస్‌వే, డ్రైవర్లు ఆసుస్‌వే, వైఫై గట్టిగ నిలవడతది. 386 శాఖలనే ఆగింది, కొత్త హంగులు రావు, అది తెలుసుకొని ఉండాలె. మెర్లిన్ల కేక్ మాత్రం ఏసీ68యూకు లేదు, పెద్ద మాడళ్లకే.

టమాటా_తొక్కు
అందుకే టమాటా అన్న. ఏసీ68యూ మీద ఫ్రెష్‌టమాటాల ఎఫ్‌క్యూ-కోడెల్ (కేక్ లాంటిదే ఇంకో పద్ధతి) ఉంది, కేక్ కూడ ఉంది. కాకపోతే ఒక మెలిక. క్యూఓఎస్ ఆన్ చేస్తే సీటీఎఫ్ బంద్ అయితది. సీటీఎఫ్ అంటే బ్రాడ్‌కామ్ దగ్గరదారి, అది పోయినంక ప్రతి ప్యాకెట్ ప్రాసెసర్ చేతుల మీదుగ పోవాలె. 100 లైన్‌కు ఫరక్ పడది. గిగాబిట్ లైన్‌కు క్యూఓఎస్ పెట్టకు. దాని లోపలి లైనక్స్ కర్నల్ పాత 2.6.36 నాటిది, అది కూడ మార్చలేరు, బ్రాడ్‌కామ్ డ్రైవర్ దానికే కట్టేసి ఉంది.

పిల్లలమర్రి_పింగ్
టమాటా గురించి ఈన నోటి నుంచి నిజం వినుడు ఇదే మొదలు.

సూర్యాపేట_సిగ్నల్
డీడీ-వర్ట్ పెట్టేటోళ్లకు ఒక హెచ్చరిక. దాని సైట్ల రౌటర్ డేటాబేస్ చూపెట్టే బిల్డ్ ఏండ్ల కిందటిది ఉండొచ్చు. అది ఎక్కియ్యకు. బీటా ఫోల్డర్ల తాజా బిల్డ్‌లు ఉంటయ్, వాళ్ల ఫోరంల ఆ బిల్డ్ మీద మీ మాడలోళ్లు ఏమంటున్నరో చదివి దించుకో. రీసెట్ బటన్ 30 సెకన్లు, కరెంట్ తీసి 30, మళ్ల పెట్టి 30 అనే పాత మంత్రం కొత్త రౌటర్ల మీద చెయ్యొద్దు. ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ ఉన్నవి రికవరీ మోడ్‌ల పడుతయ్, కొన్నిటికి సెట్టింగులే పాడైతయ్. మామూలు ఫ్యాక్టరీ రీసెట్ చాలు.

కోదాడ_కేబుల్
ఐపీటీవీ (నెట్ లైన్ మీద టీవీ ఛానెళ్లు ఇచ్చే) బాక్స్ పెట్టినప్పటి సంది వైఫై మొత్తం నెమ్మదైతది అనేటోళ్లకు?

సూర్యాపేట_సిగ్నల్
మల్టీకాస్ట్, అంటే ఒకటే వీడియోను ఒకేసారి చానా మందికి పంపుడు. వైఫైల మల్టీకాస్ట్ అన్నిటికన్న తక్కువ రేటుల అందరికీ పోతది, గాలి మొత్తం అదే మింగుతది. ఓపెన్‌వర్ట్ల బ్రిడ్జ్ మీద ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగినోళ్లకే పంపుడు) ఆన్ చెయ్యి, వైఫై కాడ మల్టీకాస్ట్ టు యూనికాస్ట్ (ఒక్కొక్కరికి విడిగ పంపుడు) ఆన్ చెయ్యి. టమాటాల వైర్‌లెస్ మల్టీకాస్ట్ ఫార్వర్డింగ్ అని ఉంటది, అదే పని. బాక్స్‌ను వైరు మీద పెడితే ఈ లొల్లే లేదు.

వనపర్తి_వైరు
🙏

పిల్లలమర్రి_పింగ్
@మిర్యాలగూడ_మిల్లు వైఫై సెట్టింగులు. కంట్రీ ఇండియా పెట్టు, ఖాళీగ వదిలితే పవర్, ఛానెళ్లు రెండూ కోత పడుతయ్. 5 గిగాహెర్ట్జ్ ఛానెల్ 36 గాని 149 గాని, వెడల్పు 80. 52 నుంచి 144 దాకా రాడార్ ఛానెళ్లు. రౌటర్ లేవంగనే కనీసం ఒక నిమిషం చప్పుడు లేకుండ వినాలె, నడుమ రాడార్ అనుమానం వస్తే ఛానెల్ దుంకుతది, టీవీ కట్ అయితది. 2.4కు 1, 6, 11లల ఒకటి, వెడల్పు 20. 40 పెట్టి పక్కింటోళ్లతోని కొట్లాడకు.

సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టు. 2, 3 కలిపి పెడితే పాత టీవీలు కలుస్తయ్ పోతయ్. టీవీ ఉత్తిగనే తెగిపోతుంటే అడ్వాన్స్‌డ్‌ల తక్కువ అక్‌నాలెడ్జ్‌మెంట్ ఉంటే తెంపెయ్ అనే అర్థం వచ్చే టిక్ ఒకటుంటది, తీసెయ్. సిగ్నల్ అంచుల ఉన్న సామాన్లను అది పాపం తొందరపడి బయటికి నూకుతది.

దేవరకొండ_డీబీఎం
పైకి వైరు పోయినంక అక్కడ ఏదన్న పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ (వైఫై మాత్రమే ఇచ్చేది) చెయ్యి. డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) బంద్, చిరునామా 192.168.10.2, వైరు ల్యాన్ పోర్ట్ నుంచి ల్యాన్ పోర్ట్‌కు, వ్యాన్ ముట్టొద్దు. పేరు, పాస్‌వర్డ్ కింద దానివే. ఛానెల్ మాత్రం కింద 36 అయితే పైన 149. రిపీటర్ కొనకు, అది అదే గాలిల విని మళ్ల అదే గాలిల చెప్తది, వేగం సగమైతది.

సూర్యాపేట_సిగ్నల్
స్ట్రీమింగ్ స్టిక్ టీవీ వెనక దాగితే డబ్బాతోని వచ్చిన పొట్టి హెచ్‌డీఎంఐ తోకతోని బయటికి తియ్యి, సిగ్నల్ మెరుగైతది. రౌటర్‌కు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పెడితే 2.4 బ్యాండ్ల రొద చేస్తది, దూరం జరుపు.

ఆసుస్_అచ్చంపేట
అడాప్టర్ కూడ చూడు అన్న. ఎండాకాలం మన దిక్కు స్టెబిలైజర్ డబ్బా నెత్తిన పెట్టిన రౌటర్ వేడెక్కి గంటకోసారి రేడియో పడేసుకుంటది. మినీ యూపీఎస్ మీద ఓఎన్‌టీ, రౌటర్ రెండూ పెడితే రెండింటి ఆంపియర్లు కలిపి చూసుకోవాలె. బ్యాటరీ బలం తగ్గితే 12 వోల్ట్‌లు నిలవవు. లైట్లు వెలుగుతనే ఉంటయ్, వైఫై మాత్రం ఉండది.

మిర్యాలగూడ_మిల్లు
ఓపెన్‌వర్ట్ ఎక్కిచ్చిన. ల్యాన్ చిరునామా ముందే మార్చిన. రాత్రి వైరు మీద 72 వస్తున్నది, అందుకే డౌన్‌లోడ్ 64000, అప్‌లోడ్ 60000 పెట్టిన. ఫోన్లు బ్యాకప్ కొడుతున్నా బయటి పింగ్ 25 దాటుతలేదు. టీవీ ఫోర్‌కే ఆగలే. రౌటర్ పింగ్ మాత్రం ఇంక అప్పుడప్పుడు 100 కొడుతనే ఉంది.

వనపర్తి_వైరు
వైరు.

మిర్యాలగూడ_మిల్లు
తెలుసన్నా, మెట్ల పక్క నుంచి గుంజుతం. పైన పెట్టనీకి పాత టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ ఉంది. దానికి కూడ ఓపెన్‌వర్ట్ ఎక్కియ్యాల్నా?

దేవరకొండ_డీబీఎం
వద్దు. 841ఎన్ వర్షన్లు చానా మట్టుకు 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. 19.07 తర్వాతి ఓపెన్‌వర్ట్ వాటికి రాదు. పైగ దాంట్ల 5 గిగాహెర్ట్జ్ లేదు, పోర్ట్ 100. టీవీని వైరు మీద పెట్టి, ఫోన్లకు కంపెనీ ఫర్మ్‌వేర్ మీదనే యాక్సెస్ పాయింట్‌గ పెట్టుకో.

పాలమూరు_పోరడు
ఓపెన్‌వర్ట్ కొత్త వర్షన్ వస్తే అప్‌డేట్ ఎట్ల? మళ్ల మొదటి నుంచా?

పిల్లలమర్రి_పింగ్
కాదు. సిస్‌అప్‌గ్రేడ్ ఫైల్ ఇచ్చి సెట్టింగులు ఉంచు అనే టిక్ పెడితే సెట్టింగులు ఉంటయ్. నువ్వు తర్వాత ఎక్కిచ్చిన ప్యాకేజీలు మాత్రం పోతయ్. ఎస్‌క్యూఎమ్ సెట్టింగ్ ఫైల్ ఉంటది, ఎస్‌క్యూఎమ్మే ఉండది. నెట్ మంచిగనే వస్తది కాబట్టి ఎవలికీ తెల్వది, రాత్రి టీవీ తిరిగితే గాని. అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడితే నీ ప్యాకేజీలు కలిపే ఫైల్ కట్టిస్తది. ఏది చేసినా ముందు బ్యాకప్ దించుకో.